పిల్లల రక్షణ: ఎవరి నుంచి, ఎవరి కోసం?

పిల్లవాడి చేతికి ఒక పుస్తకం ఇచ్చినవారికి అందులో ఏముందో తెలిసి వుండాలని మనమందరం ఒప్పుకుంటాం. పాఠ్యపుస్తకంలో తప్పుడు వాక్యం ఒకటి పడితే శాసనసభలో ప్రశ్నలు లేస్తాయి. రాసినవారూ, అచ్చువేసినవారూ సంజాయిషీ చెప్పుకుంటారు. పిల్లవాడు ఆ వాక్యం ఎందుకు చదివాడని ఎవరూ అడగరు. అదే బడి అదే పిల్లవాడికి పుస్తకంతో పాటు ఒక ట్యాబు ఇచ్చినప్పుడు మాత్రం న్యాయం తలకిందులవుతున్నది. చూడకూడనిది చూస్తే, ఎందుకు చూశావని పిల్లవాణ్ణే అడుగుతారు. ఎందుకు చూడనిచ్చావని తల్లిని అడుగుతారు. నువ్వేం చేస్తున్నావని పంతులుగారిని అడుగుతారు. ఆ వస్తువును కొని, నింపి, పంచిపెట్టినవారి దాకా ప్రశ్న వెళ్ళదు.

ఇలా ఎందుకు జరుగుతున్నది? పిల్లలను రక్షించటమంటే సరిగ్గా ఏమిటి? ఆ రక్షణ ఎవరి నుంచి, ఎవరి కోసం? పైకి చూస్తే ఇది సాంకేతిక నిపుణులు తేల్చవలసిన విషయంలా కనిపిస్తుంది. నిజానికి ఇది నైతిక సమస్య. అంతకుమించి, అధికారం ఎవరిది, బాధ్యత ఎవరిది అనే సామాజిక సమస్య.

ముందు విషయం చెప్పుకుందాం. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్ అనే విద్యావ్యాపార కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఆ సంవత్సరం డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డి ట్యాబుల పంపిణీ ప్రారంభించారు. ఎనిమిదో తరగతి విద్యార్థులకూ, వారి ఉపాధ్యాయులకూ కలిపి 5,18,740 ట్యాబులు. మరుసటి సంవత్సరం అదే తేదీన చింతపల్లిలో రెండో విడత ప్రారంభమయింది, ఈసారి 4,34,185. రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలలన్నిటికీ వచ్చినట్టే పలాస, టెక్కలి డివిజన్ల పాఠశాలలకూ, కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఉద్దానం తీరాన వున్న పల్లెలకూ ఇవి వచ్చాయి. జీడితోటల మధ్యనా, కొబ్బరితోటల మధ్యనా వున్న ఇళ్ళలో, అంతకుముందు పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం చేరని ఇళ్ళలో కూడా, పదమూడేళ్ళ పిల్లల చేతికి ఒక వెలిగే పలక వచ్చింది.

పిల్లలు పాఠాలు మాని ఆటలలో పడుతున్నారనీ, చూడరాని దృశ్యాలు చూస్తున్నారనీ పత్రికలలో వార్తలు వచ్చాయి. ప్రభుత్వం ఆ వార్తలను ఖండించింది. ట్యాబులో భద్రతా సాఫ్ట్‌వేర్ వున్నదనీ, పాఠాలు తప్ప మరొకటి రాదనీ చెప్పింది. ఎవరి మాట ఎంత నిజమన్నది అలా వుంచుదాం. వాదం నడిచిన తీరు మాత్రం గమనించదగినది. ఒక పక్షం పిల్లలు చెడిపోయారన్నది, రెండో పక్షం తాళం వుందన్నది. పిల్లలకు ఏం జరిగింది, వారికి ఏం కావాలి అన్న ప్రశ్న రెండు పక్షాల మధ్యా నలిగిపోయింది.

ఈ సమస్యకు రెండు తేలిక జవాబులు వున్నాయి. అసలు ఆ వస్తువే ఇవ్వవద్దన్నది మొదటిది. ఇచ్చి గట్టి తాళం వెయ్యమన్నది రెండోది.

మొదటి జవాబు ఎవరి నోట వస్తున్నదో చూడాలి. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో కార్పొరేట్ పాఠశాలకు పిల్లలను పంపే కుటుంబాలు తమ ఇంట్లో కంప్యూటరు తీసివెయ్యటం లేదు. అదే వస్తువు పలాసలో జీడిపిక్కలు కొట్టే స్త్రీ కూతురి చేతిలోకి వచ్చేసరికి చెడిపోవటానికి మార్గమైపోతుంది. ఉన్నవాడి పిల్లకు జ్ఞానసాధనమైనది లేనివాడి పిల్లకు ప్రమాదం అనటంలో పిల్లల మీద ప్రేమకంటె వర్గ దురభిమానమే ఎక్కువ వుంది. ఇది పాత వాదమే. 1874లో వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిన కాలంలో కూడా చదువు వస్తే ఆడపిల్ల చెడిపోతుందనే పెద్దమనుషులకు కొదవలేదు. వారి మాట విని వుంటే ఈనాడు ఈ పత్రిక చదివేవారిలో సగంమంది వుండేవారు కారు.

అంతమాత్రాన ప్రమాదం లేదనుకోవటం మూర్ఖత్వం. ప్రమాదం వుంది, ఒక రకంగా కాదు, మూడు రకాలుగా వుంది. స్త్రీ శరీరాన్ని హింసించి అమ్ముకునే దృశ్యాలూ, పిల్లలను వలలో వేసుకుని వారి ఫోటోలతో బెదిరించే దుర్మార్గులూ మొదటి రకం. చూసేవాడి చెయ్యి వదలకుండా వుండేటట్టు పనిగట్టుకుని తయారుచేసిన ఆటలూ, జూదాలూ రెండో రకం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద మన రాష్ట్రం 2020లో నిషేధం పెట్టింది. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. వయసు వచ్చినవారే తట్టుకోలేరని చట్టం చేసుకున్నప్పుడు, పదమూడేళ్ళవాడు నిగ్రహంతో నెగ్గుకు రావాలనటం ఏం న్యాయం? మూడో రకాన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పిల్లవాడు ఏం చూస్తున్నాడు, ఎక్కడ వున్నాడు, ఎంతసేపు ఆగాడు అన్నదంతా సేకరించి సరుకుగా మార్చుకునే వ్యాపారం అది. మొదటి రెండు రకాలనూ ఆపుతామని వచ్చినవాడే మూడోదానికి కారకుడు కావచ్చు.

ఇక్కడ అభ్యుదయవాదులకు ఒక చిక్కు ఎదురవుతుంది. దాన్ని దాటవెయ్యటం మంచిది కాదు. మనం నిషేధాలకు ఎదురు నిలిచినవాళ్ళం. ఉన్నవ 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించినప్పుడు చెప్పిన కారణం కూడా ప్రజాక్షేమమే. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేయించిన ముద్దుపళని 'రాధికా సాంత్వనము' అశ్లీలమని తెల్లదొరతనం నిషేధించింది. ఆ కావ్యాన్ని అశ్లీలమన్నవారిలో వీరేశలింగం కూడా వున్నారు. ఒక స్త్రీ తన శృంగారాన్ని తాను చెప్పుకోవటం సంస్కర్తకు కూడా సహించలేదు. 1947లో ప్రకాశం పంతులుగారి హయాంలో గాని ఆ నిషేధం పోలేదు. హానికరమన్న మాట అధికారంలో వున్నవాడి చేతిలో ఎంత సులువుగా ఆయుధమవుతుందో తెలిసిన మనం, పిల్లల దగ్గరికి వచ్చేసరికి వడపోత పెట్టమని ఎలా అడుగుతాం?

జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో స్వేచ్ఛను గురించి పుస్తకం రాస్తూ, తన సిద్ధాంతం పిల్లలకు వర్తించదన్నాడు. ఆ వెంటనే, వెనకబడిన జాతులకు కూడా వర్తించదన్నాడు. ఆయన ముప్పై అయిదేళ్ళు ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగం చేసినవాడు కనక, ఆ జాతులలో మనమూ వున్నామని వేరే చెప్పనక్కరలేదు. పిల్లలనూ, పరాధీన ప్రజలనూ ఒకే గాట కట్టినప్పుడు, ఆ కట్టును ఎక్కడ విప్పాలి?

నాకు తోచిన తేడాలు రెండు. మొదటిది: పిల్లవాడి మైనారిటీ తీరిపోయేది. నిజమైన సంరక్షకుడు తన అవసరం లేకుండా పోయే రోజుకోసం పనిచేస్తాడు. సామ్రాజ్యవాది ఆ రోజు రాకుండా చూసుకుంటాడు. కనక ఏ రక్షణనైనా ఒక గీటురాయి మీద పరీక్షించవచ్చు: అది ఏడాదికేడాది సడలుతున్నదా? ఎనిమిదో తరగతి పిల్లకూ, ఇంటర్ చదివే పిల్లకూ ఒకే తాళం వేసే రక్షణ, ఏనాటికీ తాళంచెవి ఇవ్వదలచుకోని రక్షణ, పేరుకు సంరక్షణ అయినా స్వభావంలో దొరతనమే.

రెండోది: 'మాలపల్లి' ఎవరినీ వెంటపడి చదివించలేదు. పుస్తకం ఎవరో తెరిచేదాకా అలమారలో పడి వుంటుంది. తెర మీద సరుకు అలా కాదు. చూసేవాడి బలహీనతను లెక్కకట్టి, ఒకటి చూడగానే దానికంటె ఘాటైనది ముందుకు తోసే యంత్రాంగం దాని వెనక వుంటుంది. ఎంతసేపు కూచోబెడితే అంత లాభం. అలాంటి అమ్మకందారుకు అడ్డం పడటం పాఠకుడి స్వేచ్ఛను హరించటం కాదు. కల్లు దుకాణం బడి పక్కన పెట్టవద్దంటే ఎవరి భావస్వాతంత్ర్యమూ పోదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, 1992లో మన దేశం చేరినది, దాని 17వ అధికరణంలో పిల్లలకు సమాచారం అందే హక్కునూ, హానికరమైన దాని నుంచి రక్షణనూ కలిపే చెప్పింది. ఒకదాన్ని చూపి రెండోదాన్ని ఎగ్గొట్టటానికి వీలులేదు.

వడపోత అంటే ఏమిటో ఉద్దానం ప్రజలకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. దశాబ్దాలుగా అక్కడి ఇళ్ళలో మూత్రపిండాల జబ్బు మనుషులను తినేస్తున్నది. భూగర్భజలాన్ని అనుమానించారు, మండుటెండలో చేసే చాకిరీని అనుమానించారు, పురుగుమందులను, నొప్పి మాత్రలను అనుమానించారు. ఇదొక్కటే కారణమని శాస్త్రజ్ఞులు ఏకాభిప్రాయానికి రాలేదు. కారణం తేలేదాకా ఆగమంటే ప్రజలు ఒప్పుకోలేదు. మంచినీరు ఇవ్వవలసింది ప్రభుత్వమేనని ఏళ్ళతరబడి పట్టుబట్టారు. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా నీరు తెచ్చే పథకం ప్రారంభమయ్యాయంటే, ఆ పట్టుదల దాని వెనక వుంది. తాగేముందు నీ బావి నీటిని నువ్వు పరీక్షించుకోవలసిందని జబ్బుపడ్డవాణ్ణి ఎవరైనా తప్పుపడితే ఉద్దానం ఊరుకుంటుందా? మరి పిల్లవాణ్ణి మాత్రం, అందులో ఏముందో ముందే తెలుసుకోవలసిందని తప్పుపట్టటానికి మనం ఎందుకు ఊరుకోవాలి? హాని ఇంకా శాస్త్రీయంగా రుజువు కాలేదని కంపెనీలు చెప్పే మాటకు కూడా ఉద్దానం జవాబే జవాబు. అనుమానానికి తగిన కారణం వున్నప్పుడు జాగ్రత్త ఖర్చు సరఫరా చేసేవాడు పెట్టుకోవాలి.

అయితే ఈ పోలిక ఒక చోట ఆగిపోతుంది. నీటిలోని విషాన్ని నాలుకతో కనిపెట్టటం ఎవరికీ నేర్పలేం. కంటితో చూసినదాన్ని బుద్ధితో తూచటం మాత్రం నేర్పగలం. కనక నీటికి వడపోత చాలు. చదువుకు అది చాలదు. గట్టి తాళం వెయ్యమనే రెండో జవాబు మరిచిపోయేది ఈ సంగతినే.

తాళం పనిచేసే తీరు చూద్దాం. ఏ సైట్లు తెరవవచ్చో, ఏవి తెరవకూడదో ఒక జాబితా వుంటుంది. కొన్ని మాటలు కనిపిస్తే మూసేసే ఏర్పాటు వుంటుంది. మాట చూసి మూసేసే యంత్రానికి అర్థం తెలియదు. 2002లో అమెరికాలో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ పాఠశాలల వడపోతలను పరీక్షించింది. వదులుగా పెట్టినప్పుడు బూతు సైట్లలో 87 శాతం ఆగిపోయాయి. ఆరోగ్య సమాచారంలో 1.4 శాతం ఆగిపోయింది. బాగా బిగించినప్పుడు బూతు 91 శాతం ఆగింది. ఆరోగ్య సమాచారం 24 శాతం ఆగిపోయింది. నాలుగు శాతం చెత్త అదనంగా ఆపటానికి దాదాపు పాతిక శాతం జ్ఞానాన్ని బలిపెట్టారన్నమాట. యంత్రాలు అప్పటికీ ఇప్పటికీ మారి వుండవచ్చు. బిగించటానికి ఒక మూల్యం వుంటుందన్న సూత్రం మారలేదు. ఆ మూల్యం ఎక్కువగా చెల్లించేది ఎవరు? నెలసరిని గురించో, కడుపునొప్పిని గురించో, తన మీద చెయ్యి వేసిన బంధువును గురించో ఎవరినీ అడగలేక ఆ తెరనే అడిగే ఆడపిల్ల.

పైగా తాళం వేసినవాడు నాలుగు కాలాలపాటు వుండాలి. కొత్త లొసుగు బయటపడినప్పుడల్లా పూడ్చాలి. ట్యాబులు పంచిన డిసెంబర్‌లోనే జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్, తల్లిదండ్రులకు కోర్సులు అంటగట్టే పద్ధతుల మీద వచ్చిన ఫిర్యాదుల గురించి బైజూస్ అధిపతిని పిలిపించింది. 2024 జూన్‌లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. మొదటి విడత ట్యాబు అందుకున్న తరగతి 2025లో పదో తరగతి ముగించింది. ప్రభుత్వాలు మారవచ్చు, కంపెనీలు మునగవచ్చు. పిల్లవాడి చేతిలో పెట్టిన వస్తువు పిల్లవాడి చేతిలోనే వుంటుంది. పంపిణీ సభతో బాధ్యత తీరిపోయిందనుకునే ఏర్పాటులో రక్షణ అన్న మాటకు అర్థం లేదు.

ఇక కాపలావాడి సంగతి. 2010లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక పాఠశాల యాజమాన్యం తాను ఇచ్చిన ల్యాప్‌టాపుల కెమేరాలను దూరం నుంచి తెరిచి, ఇళ్ళలో వున్న పిల్లల ఫోటోలు వేల సంఖ్యలో తీసిందని బయటపడింది. పోయిన యంత్రాలను వెతకటం కోసం పెట్టిన ఏర్పాటు అన్నారు. చివరికి 6,10,000 డాలర్లు ఇచ్చి రాజీ చేసుకున్నారు. మన దేశంలో 2023 జనవరిలో, కేంద్ర ప్రభుత్వపు 'దీక్ష' యాప్‌కు చెందిన దాదాపు ఆరు లక్షలమంది విద్యార్థుల వివరాలూ, పది లక్షలకు పైగా ఉపాధ్యాయుల వివరాలూ కాపలా లేకుండా బయటపడి వున్నాయని వెల్లడయింది. అంతకుముందు, 2022లో, హ్యూమన్ రైట్స్ వాచ్ అనే సంస్థ 49 దేశాల ప్రభుత్వాలు సిఫారసు చేసిన విద్యా యాప్‌లను పరిశీలించి, వాటిలో దాదాపు తొంభై శాతం పిల్లల హక్కులకు భంగం కలిగించేవో, ముప్పు తెచ్చేవో అని తేల్చింది. దొంగ నుంచి కాపాడటానికి పెట్టుకున్న కాపలావాడు ఇంట్లో సామాను లెక్క రాసుకుంటున్నాడు.

దీనికి చట్టం చూపే మందు తల్లిదండ్రుల సమ్మతి. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండనివారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రులు రుజువుకు నిలిచే సమ్మతి ఇవ్వాలి. 2025 నవంబర్‌లో నియమాలు వచ్చాయి. దశలవారీగా అమలు కావాలి. చదువు కోసం, భద్రత కోసం పిల్లల మీద నిఘా పెట్టవలసివస్తే బడులకు ఆ నియమాలలోనే మినహాయింపు వుంది. కాని ఈ సమ్మతి ఇచ్చేది ఎవరు? పొద్దున్నే జీడి ఫ్యాక్టరీకి పోయి, జీడినూనెకు వేళ్ళు కాలి, సాయంత్రానికి ఇంటికి చేరే తల్లి. గుజరాత్‌లోని వీరావల్ రేవుకు పోయి నెలల తరబడి పరాయి పడవ మీద వేటాడే తండ్రి. కూలికోసం ఊరు విడిచిన కొడుకూ కోడలూ పిల్లలను అప్పగించిపోగా, వాళ్ళను సాకుతున్న ముసలి అవ్వ. వీరి ముందు ఒక కాగితం పెట్టి వేలిముద్రో సంతకమో తీసుకుంటే అది సమ్మతి అవుతుందా?

కాగితం మీది సమ్మతి ఎంత విలువైనదో ఈ ప్రాంతానికి అనుభవమే. సోంపేట బీలభూములలో థర్మల్ కేంద్రం వద్దని రైతులూ, మత్స్యకారులూ ఎంత మొత్తుకున్నా, కాగితాల మీద అనుమతులు నడిచిపోయాయి. 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ పర్యావరణ అనుమతి రద్దయింది కూడా ఆ జులైలోనే. కాదనగలిగిన శక్తి వున్నప్పుడే అవునన్న మాటకు విలువ. ట్యాబు వద్దంటే పిల్లకు చదువు పోతుందన్న భయంతో పెట్టిన సంతకం కంపెనీని కోర్టులో కాపాడుతుంది; పిల్లను ఎక్కడా కాపాడదు.

తాళం విషయంలో అన్నిటికంటె పెద్ద హాని ఇంకొకటి వుంది. ఉద్దానంలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఏ దుకాణంలోనో ట్యాబు తాళం తీయించుకున్నదనుకుందాం. పాటలకోసమో, సినిమా ముక్కలకోసమో తీయించుకున్నది. ఎవడో పరిచయమయ్యాడు, ఒక ఫోటో అడిగాడు, ఇప్పుడు ఆ ఫోటో చూపి బెదిరిస్తున్నాడు. ఆ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి? చెప్పిన మరుక్షణం ఆమెకు ఎదురయ్యే మొదటి ప్రశ్న, తాళం ఎందుకు తీయించావన్నది. తరవాత ట్యాబు పోతుంది, బడి మానిపిస్తారు, పరువు పోకముందే సంబంధం చూద్దామంటారు. 1098 అనే ఫోన్ నంబరు ఆమెకు తెలిసినా, ఫోనే చేతిలో లేనప్పుడు ఏం చెయ్యగలదు? నేరం చేసినవాడు ఎక్కడో క్షేమంగా వుంటాడు. తాళం మాత్రం అన్యాయం జరిగిన పిల్లను ముద్దాయిని చేసింది. పిల్ల నోరు మూయించే రక్షణ, దుర్మార్గుడికి అన్నిటికంటె ఇష్టమైన రక్షణ. వాడి బతుకంతా ఆ మౌనం మీదే ఆధారపడి వుంది.

కనక రక్షణకు రెండో గీటురాయి ఇది: హాని జరిగిన తరవాత పిల్ల భయం లేకుండా వచ్చి చెప్పగలుగుతున్నదా? చెప్పగలిగితే, ఆ బడిలో తాళం కాస్త వదులైనా పిల్లలు క్షేమమే. చెప్పలేకపోతే, ఎంత గట్టి తాళమైనా అది పెద్దల పరువుకు వేసుకున్న తాళం.

చెప్పాలంటే మాటలు వుండాలి. శరీరాన్ని గురించి మాట్లాడటం సిగ్గన్న ఇంట్లో పుట్టి, పునరుత్పత్తి పాఠం వచ్చేసరికి మీరే చదువుకోండంటూ పేజీలు తిప్పేసే తరగతిలో పెరిగిన పిల్లకు, తనకు జరిగింది ఏమిటో చెప్పటానికి బూతుమాటలు తప్ప వేరే మాటలు వుండవు. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు పిల్లల మీద లైంగిక దౌర్జన్యపు దృశ్యాల కేసులో తీర్పు చెపుతూ, అవి దగ్గర వుంచుకోవటాన్నీ, చూడటాన్నీ నేరంగా పరిగణించటంతో ఆగలేదు. సమగ్రమైన లైంగిక విద్య అవసరాన్ని కూడా నొక్కి చెప్పింది. శిక్ష సంగతి చెప్పిన మొదటి సగం అందరికీ గుర్తుంది. రెండో సగం మన పాఠశాలల గడప ఇంకా తొక్కలేదు.

ఇక్కడ ఉపాధ్యాయ మిత్రులు ఒక ఆక్షేపణ చెపుతారు. అది న్యాయమైనదే. అన్నీ చివరికి మా నెత్తినే పెడుతున్నారని వారంటారు. హాజరుకు యాప్, మధ్యాహ్న భోజనానికి యాప్, మరుగుదొడ్ల ఫోటోలకు యాప్ చొప్పున పని పెట్టి, పాఠం చెప్పే గంటను కొరుక్కుతిన్న తరవాత, పిల్లల మనసుకు కూడా కాపలా కాయమనటం దారుణం. ఒప్పుకుంటాను. అందుకే ఇది హితబోధతో తీరేది కాదంటున్నాను. ట్యాబు కొనటానికి వందల కోట్లు వున్న ఖజానాలో, ఆ ట్యాబును గురించి పిల్లలతో కూచుని మాట్లాడటానికి వారానికి ఒక గంట లేకపోతే, అది డబ్బు లేక కాదు. వస్తువును కొంటే దాన్ని చూపించుకోవచ్చు. మాట్లాడే గంటను ఏ సభలోనూ పంచిపెట్టలేరు.

1845లో మార్క్స్ ఫోయర్‌బా మీద రాసుకున్న సూత్రాలలో మూడోది ఈ సందర్భంలో జ్ఞాపకం చేసుకోదగినది. పరిస్థితులే మనిషిని తయారుచేస్తాయని మాత్రమే చెప్పేవారు, ఆ పరిస్థితులను మార్చేది కూడా మనుషులేననీ, చదువు చెప్పేవాడికి కూడా చదువు అవసరమనీ మరిచిపోతారని ఆయన అభిప్రాయం. అలాంటి ఆలోచన సమాజాన్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను రెండోదాని పైన కూచోబెడుతుంది. తాళం సిద్ధాంతం సరిగ్గా అటువంటిది. అందులో పిల్లవాడు చెడిపోవటానికి మాత్రమే శక్తి వున్న ప్రాణి. పెద్దవాడు ఎన్నడూ చెడిపోనివాడు. కాని రాత్రిపూట అదే తెర ముందు తెల్లవార్లూ కూచునే పెద్దలు మన ఇళ్ళలో లేరా? ఆన్‌లైన్ జూదంలో పొలం పోగొట్టుకున్నవారు వున్నారు. స్త్రీల ఫోటోలు పంచుకుని నవ్వుకునే మర్యాదస్తులు వున్నారు. పిల్లలు తెరను చూసి నేర్చుకునేదానికంటె, తెరను చూసే మనల్ని చూసి నేర్చుకునేది తక్కువేమీ కాదు.

ఇంత చెప్పి, ఏం చెయ్యాలన్నది చెప్పకపోవటం బాగుండదు. వస్తువు ఇచ్చినవారు ఆ వస్తువు పనిచేసినంతకాలం దానికి జవాబుదారీగా వుండాలి. కంపెనీ మునిగినా, ప్రభుత్వం మారినా ఆ బాధ్యత ఎవరికి సంక్రమిస్తుందో ఒప్పందంలోనే రాసి వుండాలి. పిల్లల మీద ఏయే సమాచారం సేకరిస్తున్నారో, ఎప్పుడు చెరిపేస్తారో తల్లిదండ్రులకు తెలుగులో, గ్రామసభలో, ప్రశ్నలు అడిగే వీలుతో చెప్పాలి. వడపోత వుండాలి, కాని వయసుతో పాటు సడలాలి, దాని జాబితా ఉపాధ్యాయులకు కనిపించాలి, తప్పుగా మూసినదాన్ని తెరిపించే అధికారం బడికి వుండాలి. తాళం తీసిన పిల్ల ఫిర్యాదుతో వస్తే, తాళం సంగతి ఎత్తకుండా ఫిర్యాదు తీసుకోవాలన్న నియమం వుండాలి. శరీరాన్ని గురించీ, సమ్మతిని గురించీ, తెర వెనక వ్యాపారాన్ని గురించీ చెప్పే పాఠం, పరీక్ష లేకపోయినా, గంటల పట్టికలో వుండాలి.

శిక్ష ఎక్కడ పడాలన్నది కూడా చెప్పుకోవాలి. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్ళలోపువారికి సోషల్ మీడియా ఖాతాలు వుండకూడదన్న చట్టం అమలులోకి వచ్చింది. 2026 జనవరిలో మన రాష్ట్ర మంత్రి నారా లోకేష్ కూడా అటువంటి ఆంక్షలను పరిశీలిస్తున్నామన్నారు. ఆ నిషేధం మంచిచెడ్డలు చర్చించదగినవే. అందులో ఒక్క సంగతి మాత్రం మనం తప్పక గ్రహించాలి: చట్టం ఉల్లంఘిస్తే పిల్లకు గాని, తల్లికి గాని శిక్ష లేదు, జరిమానా కంపెనీకే, గరిష్ఠంగా 4 కోట్ల 95 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు. మన దగ్గర ఆ ఆంక్షలు వస్తే, వాటిలో మొదట పరీక్షించవలసింది ఈ భాగాన్నే. ఇక్కడ చట్టం కింది నుంచి పైకి ఎక్కటం అరుదు. పై నుంచి కిందికి జారి, చివరికి ఎనిమిదో తరగతి పిల్ల నెత్తిన పడటం మనం చూస్తూనే వున్నాం.

విద్యార్థి మిత్రులూ, ఉపాధ్యాయులూ తమ తమ సంఘాలలో ఈ విషయం చర్చకు పెట్టాలి. రేపు మళ్ళీ ఏ ప్రభుత్వమో మరో పేరుతో మరో వస్తువు పిల్లల చేతికి ఇస్తుంది. ఇవ్వాలి కూడా, ఉద్దానం పిల్లలకు ప్రపంచం అందకుండా వుండాలని మనం కోరటం లేదు. ఇచ్చేటప్పుడు మాత్రం అందరికంటె ముందు అడగవలసిన ప్రశ్నలు రెండు. ఈ రక్షణ పిల్లలు ఎదిగేకొద్దీ సడలుతుందా? దెబ్బతిన్న పిల్ల దీని కింద నోరు విప్పగలదా? రెండిటికీ అవునన్న జవాబు రాని ఏర్పాటును, దానికి ఎంత మంచి పేరు పెట్టినా, పిల్లల రక్షణ అని మనం ఒప్పుకోకూడదు.